ఇసుక లేని ఉప్పునీటి తొట్టి: రాళ్ళు, ప్రవాహం, నవాసాగరం

కాకినాడ, నెల్లూరు తీరాల్లో రొయ్యల హేచరీ లోపలికి వెళ్ళి చూసినవాళ్ళకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. అక్కడ లార్వా ట్యాంకుల అడుగు అద్దంలా నున్నగా ఉంటుంది, ఇసుక రేణువు కనపడదు. పడిన మేత, మలం ఎక్కడ చేరాయో కంటికి తెలియాలి, తెలిసిన వెంటనే పైపుతో లాగెయ్యాలి. ఇంట్లో పెట్టుకునే బేర్ బాటమ్ ఆక్వేరియంలోనూ, అంటే అడుగున ఇసుక వేయని తొట్టిలోనూ, నడిచేది ఇదే లెక్క. ఇసుక ఉన్న తొట్టిలో మురికి అడుగుకు దిగి దాక్కుంటుంది. ఏడాది రెండేళ్ళకు అది నైట్రేట్‌గా, ఫాస్ఫేట్‌గా బయటపడుతుంది. ఇసుక లేకపోతే అది దాక్కునే చోటే ఉండదు. పైగా ఇసుక లేచి రాళ్ళ మీద పడుతుందన్న భయం లేకుండా ప్రవాహాన్ని ఎంతైనా పెంచుకోవచ్చు.

అయితే ఇసుక ఊరికే ఉండదు. మలం, మిగిలిన మేత నుంచి వచ్చే విషం అమ్మోనియా, దాన్ని తినే బ్యాక్టీరియాకు ఇసుక పెద్ద ఇల్లు. ఆ ఇల్లు తీసేస్తున్నాం కాబట్టి మిగిలిన ఇల్లు, అంటే రాళ్ళు, సరిగ్గా కుదరాలి. బేర్ బాటమ్ చెడిపోయిందని చెప్పేవాళ్ళ తొట్లలో ఎక్కువగా కనిపించేది రాళ్ళ కొరత, లేదా సైక్లింగ్, అంటే ఆ బ్యాక్టీరియాను ముందుగా పెంచుకునే పని, పూర్తికాకుండానే చేపలు వేయడం.

ముందే ఒక మాట. ఇసుకలో దూరి పడుకునే లెపర్డ్ రాస్‌లు, ఇసుకను నోటితో జల్లెడ పట్టే స్లీపర్ గోబీలు, గుంట తవ్వుకునే జాఫిష్ మీ మనసులో ఉంటే ఈ పద్ధతి వద్దు. ఆ చేపలకు గాజు నేల శిక్షే. క్లౌన్‌ఫిష్, టాంగ్‌లు, యాంథియాస్, పగడాలు అనుకుంటే ఇంతకన్నా శుభ్రమైన దారి నాకు తెలియదు.

లెక్కలన్నీ ఒకే కొలత మీద చెబుతాను, మీ తొట్టికి తగ్గట్టు మార్చుకోండి. లోపలి కొలత 90 × 45 × 45 సెంటీమీటర్ల తొట్టి, 10 మిల్లీమీటర్ల గాజు. 42 సెంటీమీటర్ల ఎత్తు వరకు నింపితే 170 లీటర్లు. కింద 60 × 35 × 35 సంప్, అంటే ఫిల్టర్ సామాను ఉండే రెండో తొట్టి, అందులో 22 సెంటీమీటర్ల నీళ్ళు, అంటే 46 లీటర్లు. రాళ్ళు తీసుకునే చోటు పోగా మొత్తం 200 లీటర్లు అనుకోండి. గాజు, రాళ్ళు, స్టాండ్ కలుపుకుంటే బరువు 300 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. ఇటుక దిమ్మెల మీద కడప బండ పరిచి పెట్టేవాళ్ళు చాలామంది. అది మంచి ఆధారమే కానీ బండ నాలుగు మూలలూ మట్టం చూడాలి. బండకూ గాజుకూ మధ్య 10 మిల్లీమీటర్ల ఫోమ్ షీటు తప్పనిసరి. తొట్టి అడుగు గాజుకు బయటివైపు తెల్ల రంగు వేయాలంటే ఇప్పుడే వేసేయండి, తర్వాత కుదరదు.

రాళ్ళను నేరుగా గాజు మీద పెట్టకూడదన్నది పగుళ్ళ భయంతోనే కాదు. రాయి అడుగంతా గాజుకు అతుక్కుంటే కిందకు ప్రవాహం పోదు, మురికి అక్కడే గూడు కడుతుంది. కొందరు అడుగంతా తెల్ల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు పరుస్తారు. హెచ్‌డీపీఈ నీళ్ళకన్నా తేలిక, లేస్తుంది. సిలికాన్ దానికి సరిగా పట్టదు. షీటు కింద చేరిన మురికిని తీయడానికి మళ్ళీ తొట్టంతా విప్పాలి. దానికన్నా ముక్కాలి పీట పద్ధతి మేలు. ముప్పావు అంగుళం పీవీసీ పైపును 2 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, అడుగున ఉండే ఒక్కో రాయికి మూడేసి ముక్కలు ఎపాక్సీ పుట్టీతో అతికించండి. మూడు కాళ్ళ మీద రాయి ఊగదు, కింద నుంచి నీళ్ళు ఆడతాయి, సైఫన్ గొట్టం మూతి కూడా దూరుతుంది. రాళ్ళను ఏ వైపు గాజుకూ 8 సెంటీమీటర్ల కన్నా దగ్గరగా తేకండి.

ఏ రాయి వాడాలి? ఈ తొట్టికి 15 కిలోల పొడి అరగొనైట్ (ఒక రకం సున్నపు) రాయి గానీ, ఆక్వేరియంల కోసం తయారు చేసిన సెరామిక్ రాయి గానీ. చేతిలోకి తీసుకుంటే చూడటానికున్న బరువు ఉండకూడదు, నీటి చుక్క వేస్తే పీల్చుకోవాలి. విశాఖ తీరంలో దొరికే ఖోండలైట్, ఇంటి పని తర్వాత మిగిలిన కడప ముక్కలు గట్టిగా మూసుకుపోయిన రాళ్ళు. వాటి లోపల బ్యాక్టీరియాకు చోటే లేదు. ఇక మన్నార్ సింధుశాఖ వైపు నుంచి వచ్చిందంటూ ఎవరైనా పగడపు రాయి అమ్మజూపితే ముట్టుకోకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద రాతిపగడాల జాతులన్నీ 2001 నుంచి మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని సేకరించడం, అమ్మడం నేరం. ఎప్పటినుంచో నడుస్తున్న తొట్టి ఉన్న స్నేహితుడు ఒకటి రెండు కిలోల రాయి ఇస్తే అదే అసలైన వరం. సంప్‌లో, ఫిల్టర్ సాక్ (మురికిని పట్టే గుడ్డ సంచి) తర్వాతి గదిలో, బ్యాక్టీరియా కోసం 2 లీటర్ల సెరామిక్ మీడియా, అంటే సన్న రంధ్రాల సెరామిక్ ముక్కలు, కూడా పెట్టండి. సాక్ ముందు పెడితే మురికితో నిండిపోయి నైట్రేట్ కర్మాగారంగా మారుతుంది.

నీళ్ళ దగ్గర రాజీ పడొద్దు. టీడీఎస్ (కరిగిన పదార్థాల కొలత) సున్నా ఉన్న ఆర్ఓ-డీఐ నీళ్ళే కావాలి, అంటే ఆర్ఓ మెంబ్రేన్ దాటాక మిగిలిన లవణాలను కూడా డీఐ రెజిన్‌తో తీసేసిన నీళ్ళు. వంటింట్లో తాగే నీళ్ళ ఆర్ఓ ఉందిగా అనుకుంటారు. దానిలో రుచి కోసం ఖనిజాలు తిరిగి కలిపే కాట్రిడ్జి ఉంటుంది. ఇప్పుడు చాలావాటిలో రాగి కలిపేది కూడా వస్తోంది. మనిషికి ఏమో గానీ, ఆ రాగి పగడాలకూ నత్తలకూ రొయ్యలకూ విషం, రాళ్ళలోకి ఇంకిందంటే వదిలించడం కష్టం. సెడిమెంట్, కార్బన్ బ్లాక్, మెంబ్రేన్, చివర డీఐ రెజిన్ ఉన్న విడి యూనిట్ తీసుకోండి. మున్సిపల్ నీళ్ళలోని క్లోరిన్ మెంబ్రేన్‌ను తినకుండా కార్బన్ కాపాడుతుంది. బోరు నీళ్ళవాళ్ళకు ఇంకో ఇబ్బంది ఉంది. ఆ నీళ్ళలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ మెంబ్రేన్ గుండా నేరుగా దాటిపోయి డీఐ రెజిన్‌ను వారాల్లో అయిపోగొడుతుంది. టీడీఎస్ మీటరు మెంబ్రేన్ తర్వాత 10 చూపిస్తున్నా రెజిన్ నిలవడం లేదంటే కారణం అదే. మెంబ్రేన్ నీళ్ళను ఒక డ్రమ్ములో పట్టి, రాత్రంతా ఎయిర్‌స్టోన్ ఆడించి, ఆ తర్వాత పంపుతో రెజిన్ గుండా పంపితే రెజిన్ ఎక్కువ కాలం వస్తుంది.

సముద్రం దగ్గరుంటే నేరుగా ఆ నీళ్ళే తెచ్చుకోవచ్చు కదా అంటే, నా సమాధానం వద్దనే. బంగాళాఖాతంలో మన తీరం పొడవునా వానల తర్వాత నదుల నీళ్ళు కలిసి ఉప్పు బాగా పడిపోతుంది. రేవుల దగ్గర నూనె, ఊళ్ళ దగ్గర మురుగు. హేచరీలవాళ్ళు తెచ్చే నీళ్ళను వడకట్టి, క్లోరిన్ పట్టి, దాన్ని మళ్ళీ పోగొట్టి వాడతారు. ఆ ఏర్పాట్లు ఇంట్లో ఉండవు.

200 లీటర్లకు సముద్రపు ఉప్పు మిశ్రమం సుమారు 7.4 కిలోలు పడుతుంది. లీటరుకు 37 గ్రాములు, బ్రాండును బట్టి గ్రామో రెండో తేడా. నీళ్ళలో ఉప్పు పోయాలి, ఉప్పు మీద నీళ్ళు పోయకూడదు. అలా చేస్తే కాల్షియం తెల్లగా విరిగి అడుగున కూర్చుంటుంది. మొదటిసారి తొట్టి ఖాళీ కాబట్టి అందులోనే కలపొచ్చు. అయితే దానికి ముందు ఒక రోజు మామూలు నీళ్ళతో నింపి కారడం లేదని చూడండి, సంప్ నుంచి నీళ్ళను పైకి పంపే రిటర్న్ పంపును ఆపి సంప్ పొర్లడం లేదనీ చూడండి. పంపు ఆగితే తొట్టి నీళ్ళు వెనక్కి దిగుతాయి. తొట్టిలో ఒక్కో సెంటీమీటరు దిగితే 4 లీటర్లు సంప్‌లోకి వస్తాయి. మన సంప్‌లో పైన మిగిలిన ఖాళీ 27 లీటర్లు. రిటర్న్ పైపు మూతి నీటి మట్టానికి 2 సెంటీమీటర్ల కిందే ఉండాలి. లోతుగా పెట్టి కరెంటు పోయిన రాత్రి హాలంతా ఉప్పునీళ్ళు చూసినవాళ్ళు తక్కువేమీ కాదు.

ఉప్పు 35 పీపీటీ, అంటే వెయ్యికి 35 పాళ్ళు. రొయ్య రైతులకు ఈ మాట రోజూ నోట్లో ఆడేదే. ఉప్పును కొలిచే రిఫ్రాక్టోమీటరును మంచినీళ్ళతో సున్నాకు తెచ్చి ఊరుకుంటే 35 దగ్గర తేడా చూపించవచ్చు. దాన్ని 35 దగ్గరే సరిచూడాలి. శుద్ధమైన సోడియం క్లోరైడ్ 36.5 గ్రాములు, డీఐ నీళ్ళు 963.5 గ్రాములు కలిపితే ఆ ద్రావణం రిఫ్రాక్టోమీటరులో 35 పీపీటీ సముద్రపు నీళ్ళలాగే కనిపించాలి. కనపడకపోతే స్క్రూ తిప్పి అక్కడికి తీసుకురండి.

ప్రవాహం విషయంలో లోభం పనికిరాదు. తొట్టి నీళ్ళకు 35 రెట్లు, అంటే గంటకు 6,000 లీటర్లు కదలాలి. గంటకు 4,000 లీటర్లవి రెండు వేవ్‌మేకర్లు (తొట్టి లోపలే నీళ్ళను తోసే పంపులు), రిటర్న్ పంపు విడిగా గంటకు 1,000 నుంచి 1,300. ఒక వేవ్‌మేకర్ ఎడమ పక్క గాజుకు పైభాగాన పెట్టండి. రెండోది కుడి పక్క గాజుకు నేల నుంచి 8–10 సెంటీమీటర్ల ఎత్తున, వెనక గాజు వెంట ఊదేలా పెట్టండి. అది రాళ్ళ వెనక నేలను ఊడుస్తూ మురికిని ముందువైపు ఒక మూలకు తోస్తుంది. కుదిరిందో లేదో తెలుసుకోవడానికి చిటికెడు చేపల మేత పలుకులను నలిపి వేసి చూడండి. ఐదు నిమిషాల తర్వాత అవి ముందు మూలలో ఒక్కచోట చేరితే సరే. రాళ్ళ వెనక రెండు మూడు కుప్పలుగా పడితే మూతి కోణం మార్చండి. ఆ పలుకులను తీసేయనక్కర్లేదు, వాటితో ఇంకో పని ఉంది.

ఇక సైక్లింగ్. జరిగేది ఇంతే: ఒక జట్టు బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, ఇంకో జట్టు నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. ఇవి పాలు తోడుకునేంత వేగంగా పెరిగే రకం కాదు. మంచి వాతావరణంలోనూ రెట్టింపు కావడానికి సగం రోజో రోజో పడుతుంది, రెండో జట్టు ఇంకా నిదానం. వాటికి కావలసింది తిండి, ఆక్సిజన్, వెచ్చదనం, ఆల్కలినిటీ. నీళ్ళను 28 డిగ్రీల దగ్గర ఉంచండి, వేవ్‌మేకర్లు ఆడుతూనే ఉండాలి. లైట్లు మాత్రం ఆర్పేయండి. ఈ దశలో వెలుగు పాచికే ఉపయోగం.

కుళ్ళిన రొయ్య వేసే పాత పద్ధతి వద్దు. ఎంత అమ్మోనియా వస్తుందో లెక్క ఉండదు, ఫాస్ఫేట్ మాత్రం రాళ్ళలోకి ఇంకిపోతుంది. అమ్మోనియం క్లోరైడ్ వాడండి. మన పెద్దలకు తెలిసిన నవాసాగరమే ఇది. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్ళు, తెల్లటి పొగ లేస్తుండగా గిన్నె లోపల దూదితో రుద్దేది దీన్నే. అయితే బజారులో దొరికే గడ్డల్లో ఏ లోహాలు కలిసి ఉంటాయో చెప్పలేం. లేబొరేటరీ రసాయనాలు అమ్మే షాపులో ఏఆర్ గ్రేడ్, అంటే పరీక్షలకు వాడే శుద్ధమైన రకం, అడగండి. 10 గ్రాములు తూచి డీఐ నీళ్ళలో కలిపి సరిగ్గా లీటరు చేయండి. ఈ ద్రావణం 126 మిల్లీలీటర్లు మన 200 లీటర్ల తొట్టిలో పోస్తే అమ్మోనియా 2 పీపీఎం (పది లక్షలకు 2 పాళ్ళు) అవుతుంది. రెండు గంటలాగి అమ్మోనియా పరీక్ష కిట్‌తో చూడండి. 2 కు దగ్గరగా లేకపోతే మీ నీళ్ళ లెక్క తప్పిందన్నమాట, ఇప్పుడే సరిచేసుకోండి.

షాపుల్లో సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా వేయాలా? వేస్తే మంచిదే, బతికి ఉంటే. ఇవి బీజరూపంలో నిద్రపోగల జీవులు కావు. మే నెల ఎండలో కొరియర్ వ్యానులో మూడు రోజులు ఉడికిన సీసాలో మిగిలేది వాసన నీళ్ళే. ఏసీ ఉన్న షాపులో, తేదీ చూసి, చేతికి తీసుకోవడం మేలు. గోదావరి జిల్లాల ఆక్వా షాపుల్లో చెరువుల కోసం అమ్మే ప్రోబయోటిక్స్ సాధారణంగా బాసిల్లస్ రకాలు. అవి అడుగు బురదను తింటాయి, నైట్రిఫికేషన్ చేయవు. ఆ ప్యాకెట్ చవకని తెచ్చి వేసి నెలరోజులు ఎదురుచూడకండి. సీసా వేసిన రోజు నుంచి మూడు రోజులు స్కిమ్మర్ (నురుగుతో మురికిని తీసే పరికరం), యూవీ దీపం ఆపి, ఫిల్టర్ సాక్ తీసేయండి. ఆ తర్వాత స్కిమ్మర్ నడవనివ్వండి, ఆక్సిజన్‌కు మంచిది.

మొదటి వారం అమ్మోనియా కదలకపోవచ్చు. శాలిసిలేట్ రకం కిట్‌లో గాజు గొట్టం ముదురు ఆకుపచ్చగా ఉంటుంది. రోజూ అదే పచ్చదనం చూసి విసుగొచ్చి ఇంకాస్త అమ్మోనియా పోయకండి. 5 పీపీఎం దాటితే ఆ తిండే వాటిని అణచిపెడుతుంది. ఒక రోజు పచ్చదనంలో కాస్త పసుపు తొంగిచూస్తుంది, మర్నాడు లేత చిలకపచ్చ, ఆ తర్వాత నిమ్మపండు రంగు. 0.5 కిందకు దిగాక 63 మిల్లీలీటర్లు, అంటే 1 పీపీఎం, మళ్ళీ ఇవ్వండి. ఇప్పుడు నైట్రైట్ పైకి లేస్తుంది. 2 పీపీఎం అమ్మోనియా నుంచి 5.4 పీపీఎం నైట్రైట్ వస్తుంది కాబట్టి కిట్ రంగు పట్టిక దాటిపోవడం సహజం. అప్పుడు ఒక పాలు తొట్టి నీళ్ళకు తొమ్మిది పాళ్ళు కొత్త ఉప్పునీళ్ళు కలిపి పరీక్షించి, వచ్చిన అంకెను పదితో గుణించండి.

మంచినీటి చేపలవాళ్ళు నైట్రైట్ అంటే హడలిపోతారు. ఉప్పునీళ్ళలో అంత భయం లేదు. నీళ్ళలోని క్లోరైడ్ దాన్ని మొప్పల్లోకి పోనివ్వదు. ఇక్కడ దాని ఇబ్బంది వేరు. నైట్రైట్ ఉన్నంతకాలం నైట్రేట్ కిట్ అబద్ధం చెబుతుంది, లేనిదాన్ని ఎక్కువగా చూపిస్తుంది. నైట్రైట్ దిగేదాకా నైట్రేట్ పరీక్ష జోలికి పోవద్దు. అమ్మోనియా మాత్రం ఉప్పునీళ్ళలో ప్రమాదమే. పీహెచ్ 8.2 దగ్గర మొత్తం అమ్మోనియాలో నూటికి 5 నుంచి 7 పాళ్ళు విషరూపంలో ఉంటుంది.

మధ్యలో ఆగిపోతే మూడు చూడండి. మొదటిది ఆల్కలినిటీ, అంటే ఆమ్లాన్ని తట్టుకునే నీళ్ళ శక్తి, దాని కొలత డీకేహెచ్. ప్రతి 2 పీపీఎం అమ్మోనియా సుమారు 0.65 డీకేహెచ్ తినేస్తుంది. 7 కిందకు దిగితే వంటసోడా 6 గ్రాములు నీళ్ళలో కరిగించి మెల్లగా పోయండి, మన తొట్టికి 1 డీకేహెచ్ పెరుగుతుంది. బేకింగ్ పౌడర్ కాదు, శుద్ధమైన వంటసోడా. రెండోది ఫాస్ఫేట్. పొడి రాళ్ళు, డీఐ నీళ్ళు, శుభ్రమైన ఉప్పు, అమ్మోనియా మాత్రమే ఉన్న తొట్టిలో ఫాస్ఫరస్ దొరకక రెండో జట్టు నిలిచిపోతుంది. ప్రవాహం చూడటానికి వేసిన మేత పలుకులు పనికొచ్చేది ఇక్కడే. ఇంకో చిటికెడు వేయండి. మూడోది వేడి. హైదరాబాద్ డిసెంబరు రాత్రుల్లో హీటర్ ఆగి నీళ్ళు 20 కి పడితే బ్యాక్టీరియా పనీ మందగిస్తుంది. 150 వాట్లది చాలు.

పొడి రాయి, మంచి సీసా ఉంటే రెండు మూడు వారాలు. సీసా లేకపోతే ఆరు నుంచి ఎనిమిది వారాలు. పాత తొట్టి రాయి తోడు పడితే వారం పది రోజులు. క్యాలెండరును నమ్మకండి, ఈ పరీక్షను నమ్మండి: 126 మిల్లీలీటర్లు ఒకేసారి పోస్తే 24 గంటల్లో అమ్మోనియా కనపడకూడదు, నైట్రైట్ 0.5 కింద ఉండాలి. వరసగా రెండుసార్లు అలా వస్తే అయినట్టే. ఇసుక ఉన్న తొట్టిలో ఒకసారి చాలంటాను, ఇక్కడ మాత్రం రెండోసారి కావాలి. ఆపైన సగం నీళ్ళు మార్చండి. ఒక్కో 2 పీపీఎం మోతాదు 7.3 పీపీఎం నైట్రేట్ మిగుల్చుతుంది, మార్చాక 10 దగ్గర నిలిస్తే చక్కటి మొదలు. ఉష్ణోగ్రతను 26 కు దించండి. చేప రావడం ఆలస్యమైతే మూడు రోజులకోసారి 63 మిల్లీలీటర్లు ఇస్తూ ఉండండి, లేకపోతే పెంచినవే పస్తుంటాయి.

ఎండాకాలం గురించి ఇప్పుడే ఆలోచించండి. సంప్ మీద ఫ్యాన్ పెడితే హైదరాబాద్, అనంతపురం పొడి గాలిలో నీళ్ళు ఆవిరై రెండు నుంచి నాలుగు డిగ్రీలు దిగుతాయి. విశాఖ, కాకినాడ ఉక్కలో ఆ ఫ్యాన్ పెద్దగా పనిచేయదు, నీళ్ళను చల్లబరిచే చిల్లర్ యంత్రం ఖర్చు ముందే వేసుకోవాలి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. 4 లీటర్లు పోతే 35 కాస్తా 35.7 అవుతుంది. రోజూ డీఐ నీళ్ళతో పూడ్చాలి, ఉప్పునీళ్ళతో కాదు. కరెంటు పోయినా నీళ్ళు ఆడేలా ఒక డీసీ వేవ్‌మేకర్ ఇన్వర్టర్ మీద ఉండాలి, దీనికి మినహాయింపు లేదు.

మొదటి చేపలుగా హేచరీలో పుట్టిన క్లౌన్‌ఫిష్ జత తీసుకోండి. తమిళనాడులోని మండపం, కేరళలోని విళింజం కేంద్రాల్లో సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) ఈ చేపల ప్రజనన పద్ధతులను రూపొందించింది, కాబట్టి సముద్రం నుంచి పట్టి తెచ్చినవి కొనాల్సిన అవసరం లేదు. వేసిన మొదటి ఐదు రోజులు రోజూ అమ్మోనియా చూడండి.

కొత్త బేర్ బాటమ్ తొట్టికి వచ్చే పెద్ద రోగం డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు. గోధుమరంగు జిగురు దారాలు, వాటి కొసల్లో గాలి బుడగలు, రాత్రి తగ్గి మధ్యాహ్నానికి మళ్ళీ పరుచుకోవడం. శుభ్రం ఎక్కువై నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా అయినప్పుడు పోటీ పాచి చచ్చి, ఇవి రాజ్యమేలుతాయి. అందుకే మొదటి మూడు నెలలు ఫాస్ఫేట్ పీల్చే మీడియా పెట్టొద్దు, స్కిమ్మర్‌ను నీరసంగా నడపండి, నైట్రేట్ 5–10, ఫాస్ఫేట్ 0.05–0.1 మధ్య ఉంచండి. సున్నాకు పడితే మేత పెంచండి.

వారానికోసారి ముందు మూలలో చేరిన కుప్పను 12 మిల్లీమీటర్ల గొట్టంతో బకెట్‌లోకి లాగండి. దానికి ముందు రాళ్ళ సందుల్లోకి పిచికారీతో ఊదితే లోపలిది కూడా బయటకు వస్తుంది. బకెట్ పారబోసే ముందు ఒక నిమిషం చూడండి. బూడిదరంగు పొడి పొరలైతే అది రాళ్ళు విదిల్చే మామూలు మురికి. మేత పలుకులు ఆకారం చెడకుండా కనిపిస్తే మీరు ఎక్కువ వేస్తున్నారు, లేదా ప్రవాహం చేపల నోటి ముందు నుంచి మేతను లాక్కుపోతోంది. తినిపించే పది నిమిషాలు వేవ్‌మేకర్లు ఆపండి. నెలలు గడిచాక గాజు నేల మీద వంగపండు రంగు చుక్కలు మొదలవుతాయి. అది కోరలైన్ ఆల్గే అనే గట్టి పాచి, గీకకండి. ఏడాదిలో అదే నేలను కప్పేస్తుంది.